ఇంజనీరు గారి తూము

ఇంజనీరు గారు పోయారని మంగళవారం పొద్దున్న వాళ్ళావిడ, ఆంటీ, ఫోన్ చేసి చెప్పారు. నేను అప్పుడే వంతెన దగ్గర నీటిమట్టం చూసుకుని కారెక్కుతున్నాను. "మీ సార్ లేరమ్మా. నిద్రలోనే వెళ్ళిపోయారు," అన్నారు. ఆ వెంటనే ఆవిడే మళ్ళీ అందుకున్నారు. "నిన్న నువ్వు గేజ్ రీడింగ్ చెప్పలేదట కదా, అన్నం తింటూ ఒకటే సణుగుడు. ఇవాళ్టిది చెప్పు. నేను ఆయన పక్కనే కూర్చున్నా." చెప్పాను. ఫోన్ పెట్టేసి, స్టీరింగ్ పట్టుకుని, సిగ్గూ శరమూ లేకుండా ఏడ్చాను. ఒక్క రోజు ఫోన్ చెయ్యడం బద్ధకించాను, అదే ఆఖరి రోజవ్వాలా?

ఆయనెవరో మీకు చెప్పాలి. సియాటెల్‌కి ఉత్తరాన గంటన్నర దూరంలో, మంచు కొండల్లోంచి దిగి సముద్రంలో కలిసే ఒక నది పక్కన ఉంటాం మేము. ఆ నదిని ఆయన ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. 'ఏరు' అనేవారు. గోదావరి డెల్టాలో పుట్టి, అక్కడ ఇరిగేషన్‌లో రెండేళ్ళు పనిచేసి, అరవైల చివర్లో ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఇక్కడే వరదగట్ల ఇంజనీరుగా రిటైరయ్యారు. మా ఊరి తెలుగు పిల్లలకి అంకుల్. నాకు మాత్రం ఇంజనీరు గారు. అలా ఎందుకైందంటే, దానికో కథ ఉంది.

నేను ఎమ్మెస్సీ చదివి, పెళ్ళి చేసుకుని, హెచ్-ఫోర్ మీద దిగినదాన్ని. ఆ వీసా మీద ఉద్యోగం చేసే హక్కు లేదు. మొన్న మొన్ననే కొంతమందికి ఇచ్చారు, అది వేరే సంగతి. పొడులు కొట్టుకుంటూ, టీవీ చూసుకుంటూ, మా ఆయన ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే రోజులు. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. ఎవరో "మీ ఫాదర్ ఏం చేస్తారు?" అని అడిగారు. "ఇరిగేషన్‌లోనండీ," అన్నాను. అక్కడితో వదిలేస్తారనుకున్నా. మూల కుర్చీలో ప్రసాదం తింటున్న పెద్దాయన తలెత్తి, "ఇరిగేషన్‌లో ఏంటమ్మా? ఏఈయా, డీఈయా?" అన్నారు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లస్కరండీ," అన్నాను. అంటే కాలువ తూముల దగ్గర ఉండి తలుపులు ఎత్తీ దించే మనిషి.

ఆయన ప్లేటు పక్కన పెట్టేశారు. "లస్కరు కూతురివా! ఇన్నేళ్ళ నుంచి ఈ దేశంలో నాకు డాక్టర్లు తగిలారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు తగిలారు, ఒక్క లస్కరు దొరకలేదే. మేం సంతకాలు పెట్టేవాళ్ళం, అంతే. నీళ్ళు నడిపింది మీ నాన్నలాంటి వాళ్ళు. రేపు ఏడింటికి రెడీగా ఉండు. బూట్ల సైజెంత?"

మర్నాడు ఏడుకి ఐదు నిమిషాలుండగానే కింద హారన్ మోగింది. మా ఆయన కిటికీలోంచి చూసి, "నిజంగా వెళ్తావా? వాన పడుతోంది," అన్నాడు. ఇక్కడ వాన పడనిదెప్పుడని!

ఆయన నన్ను తీసుకెళ్ళింది ఒక గట్టు మీదకి. గట్టుకి ఒక పక్క ఏరు. రెండో పక్క పాల డైరీ నడిపే ఒకాయన పొలం, ఆ చివర పశువుల కొట్టం. పొలంలోంచి ఒక చిన్న వాగు వచ్చి, గట్టు కింద ఉన్న తూములోంచి ఏట్లో కలుస్తుంది. తూముకి ఇనుప తలుపు, దాన్ని ఎత్తడానికి గట్టు మీద ఒక చక్రం. అంతా చూసి నేను తెలివితేటలు ప్రదర్శించాను. "ఇంత మంచి పల్లాన్ని ఏటి నుంచి కోసేసి ఈ గట్టు వేసిన ప్రబుద్ధుడెవడండీ? చేపలు ఎటు పోవాలి?"

"నేనే," అన్నారు ఆయన, ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ. "నేనే డిజైన్ చేశా, నేనే దగ్గరుండి వేయించా. అవార్డు కూడా ఇచ్చారు. టీ తాగుతావా?"

భూమి రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

ఆ రోజే చేప సంగతి చెప్పారు. "పులస తెలుసు కదా? సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కి వస్తుంది, గుడ్లు పెడుతుంది, మళ్ళీ సముద్రానికి పోతుంది. ఈ సాల్మన్ కూడా అలాగే ఎక్కుతుంది గానీ తిరిగి పోదు. పుట్టిన వాగు వాసన పట్టుకుని వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. దానికి ఒకటే ట్రిప్పు. పిల్లలు ఏడాది పైన ఇలాంటి పల్లాల్లో, నిదానపు నీళ్ళల్లో పెరిగి అప్పుడు సముద్రానికి దిగుతాయి. గట్టు వేసి, తూముకి తలుపేసి ఆ పల్లం లేకుండా చేసింది నేను. ఇప్పుడు కాళ్ళలో ఓపిక ఉండగానే దీన్ని తెంచి, ఆ కొట్టం దాకా వెనక్కి జరిపి వెయ్యాలి."

డైరీ ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. వాళ్ళ తాత కాలం నుంచీ ఆ పొలం వాళ్ళదే. గట్టు లేని రోజుల్లో ఆవులు వరదలో కొట్టుకుపోయిన కథలు వింటూ పెరిగినవాడు. చివరికి ఒక షరతు మీద తలూపాడు. మూడు చలికాలాలు తూము తలుపు ఎత్తి ఉంచి చూద్దాం. చేప వాగులోకి వస్తే, నీళ్ళు కొట్టంలోకి రాకపోతే, అప్పుడు గట్టు వెనక్కి జరపడానికి సంతకం పెడతాను. ఒక్కసారి కొట్టం తడిసినా తలుపు మూసి వెల్డింగ్ చేయిస్తాను. చేప రావాలి, నీళ్ళు రాకూడదు. రెండేళ్ళు నీళ్ళు రాలేదు, చేపా రాలేదు. మూడోదే మిగిలింది.

మా ఇద్దరిలో తూముకి దగ్గరగా ఉండేదాన్ని నేనే కాబట్టి చక్రం తాళం నాకిచ్చారు. గేజ్ కర్ర మీద ఎర్ర గీత ఒకటి గీసి, "ఏరు ఈ గీత తాకాక తలుపు దించు. ముందు దించకు," అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. వంద సార్లు చెప్పారు. భయం వేసినప్పుడు ఆ వందలో ఒక్కటీ గుర్తు రాలేదు.

మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. బాగా చేస్తే "ఊఁ" అనేవారు, తప్పు చేస్తే ఊరు వినేలా అరిచేవారు. మధ్యాహ్నం కారు బానెట్ మీద పెరుగన్నం డబ్బా పెట్టుకుని నిలబడి తినేవారు, అది వెచ్చగా ఉంటుందని. మాగాయ టెంక చప్పరించి ఏట్లోకి విసరబోయి, "ఇన్వేసివ్ స్పీసీస్! పైదేశపు మొక్క మొలుస్తుంది," అని నవ్వుకుని జేబులో వేసుకునేవారు. ఎప్పుడూ ఒక మాట అనేవారు: "నీళ్ళకి తొందర ఉండదు లస్కరూ. తొందరంతా మనకే."

ఆ మూడో చలికాలం, నవంబరులో, కొండల మీద పడ్డ కొత్త మంచు మీద రెండు రోజులు వెచ్చటి వాన కురిసింది. పొద్దున్న ఎనిమిదికి నేను గట్టెక్కేసరికి ఏరు కాఫీ రంగులో ఉంది. దుంగలు, ఎవరిదో పడవ, గడ్డి మోపులు పోతున్నాయి. ఇంజనీరు గారు గుండె చెకప్‌కి సియాటెల్ వెళ్ళారు. ఫోన్ చేస్తే, "బయల్దేరా. పాత వంతెన మీదకి నీళ్ళొచ్చాయట, చుట్టూ తిరిగి రావాలి. గీత దాకా ఆగు. వింటున్నావా? గీత దాకా," అన్నారు. తర్వాత ఫోన్ కలవలేదు.

తొమ్మిదికి గీతకి రెండు జానల కింద ఉంది. తొమ్మిదిన్నరకి జానెడు. వెనక్కి చూస్తే డైరీ ఆయనా, భార్యా వానలో దూడల్ని ట్రక్కెక్కిస్తున్నారు. ఆవిడ ఒకసారి ఆగి నా వైపు చూసింది. చెయ్యి ఊపలేదు.

నా చిన్నప్పటి వరద గుర్తొచ్చింది. గోదావరి ఎగదన్నుతుంటే మా నాన్న కాలువ తూము మీద పైనుంచి ఆర్డరు కోసం నిలబడ్డాడు. ఆర్డరు రాకుండా తలుపు దించితే ఉద్యోగం పోతుంది. నాన్న ఆగాడు. ఆర్డరు వచ్చేలోపే కాలువగట్టు తెగి మా పేట మునిగింది. తర్వాత ఎంక్వైరీలో, ఎందుకు దించలేదని నాన్ననే సస్పెండ్ చేశారు. ఆ తర్వాత మా ఇంట్లో ఒకటే పాఠం: "ఏరు పొంగితే ఎవరి మాటా వినకండి. ముందు తూము దించండి."

దించేశాను. చక్రం గిరగిరా తిప్పేసి, తలుపు అడుగుకి తగిలిన చప్పుడు విని, అమ్మయ్య అనుకున్నాను.

పది నిమిషాలు కూడా కాలేదు. కింద ఏటి వైపు ఢామ్మని చప్పుడైంది. దుంగేమో అనుకున్నా. మళ్ళీ ఢామ్. వంగి చూస్తే, తలుపు ముందు సుడి తిరుగుతున్న నీళ్ళల్లో నల్లటి వీపులు. ఒకటి కాదు, గుంపు. ఒక చేప వెనక్కి జరిగి, ఎగిరి, ఇనుప తలుపుకి తలబాదుకుంది. పక్కనే ఇంకోటి. మూతుల మీద చర్మం లేచిపోయి తెల్లగా కనిపిస్తోంది. మూడేళ్ళ నుంచి ఎదురుచూసిన చేప వచ్చింది. సరిగ్గా అది వచ్చే వేళకే నేను తలుపేశాను.

చక్రం వెనక్కి తిప్పబోయాను. కదల్లేదు. కింద ఏదో ఇరుక్కుంది. వేలాడాను, కాళ్ళు తన్నిపెట్టి లాగాను, అరచేతులు చీరుకుపోయాయి. ఏడుస్తూ వెనక్కి తిరిగితే ఇంకో ఘోరం కనిపించింది. పొలంలో నీళ్ళు. ఏటి నీళ్ళు కాదు, వాగు నీళ్ళు. పోయే దారి లేక వెనక్కి ఎగదన్ని గడ్డిలోకి పాకుతున్నాయి.

అప్పుడొచ్చారు ఇంజనీరు గారు. మునిగిన రోడ్డు దగ్గర కారు వదిలేసి గట్టు వెంట మైలు పైగా నడిచొచ్చారు, డెబ్భై దాటిన మనిషి, నడుం దాకా తడిసి. గేజ్ చూశారు. తలుపు చూశారు. పొలం చూశారు.

"ఎప్పుడు దించావు?"

"గీతకి జానెడు ఉండగా."

"బుద్ధుందా?" గట్టు అదిరేలా అరిచారు. "తూము మూస్తే ఏరు రాదు, సరే. మరి వాగు ఎటు పోతుందే? మీ నాన్నది కాలువ తూము, మూస్తే నీళ్ళు ఆగుతాయి. ఇది డ్రెయిన్ తూము! ఏరు వాగు కంటే పైకొచ్చినప్పుడు మూయాలి. ఆ గీత దానికి! ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

నేనూ ఊరుకోలేదు. "మా నాన్న ఆగాడండీ! మీలాంటి వాళ్ళు ఆగమంటేనే ఆగాడు! పేట మునిగింది, సస్పెండ్ చేశారు! నేను ఆగలేనండీ, నా వల్ల కాదు!" అని నేనూ అరిచాను. ఆ సంగతి నేను అంతవరకూ మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఆయన వచ్చి చక్రం మీద చెయ్యి వేశారు. కింద చేపలు తలుపుని కొడుతూనే ఉన్నాయి. మెల్లగా, "పట్టు," అన్నారు. ఇద్దరం పట్టాం. రాలేదు. ఆయన మొహం పాలిపోతుంటే నాకు కొత్త భయం పట్టుకుంది.

డైరీ ఆయన పొలంలోంచి నీళ్ళు చిమ్ముకుంటూ గట్టెక్కాడు. మొహం కందగడ్డలా ఉంది. ఇంజనీరు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. ఈ అమ్మాయి తొందరపడి మూసింది, వాగు ఎగదన్నింది, తెరిస్తే నీ పొలంలో నీళ్ళు ఏట్లోకి పోతాయి, ఏరు గీత తాకితే మళ్ళీ మూస్తాం, ముగ్గురం పడితే గానీ లేవదు. ఏరు పొంగుతుండగా తన కొట్టానికి అడ్డున్న తలుపు తనే ఎత్తాలి. ఆయన గేజ్ వైపు చూశాడు. తర్వాత గట్టు అంచుకి వెళ్ళి కిందికి చూశాడు. ఒక చేప ఎగిరి, కొట్టుకుని, పక్కకి ఒరిగిపోయి మళ్ళీ నిటారైంది. చాలాసేపు చూశాడు.

"మళ్ళీ మూసేది ఎవరు?"

"ఈ అమ్మాయే," అన్నారు ఇంజనీరు గారు.

నేను తల దించుకున్నాను. ఇక అయిపోయింది, వెల్డింగే అనుకున్నాను.

"నిన్నయితే నమ్మను," అన్నాడాయన ఇంజనీరు గారితో. "నీకు చేపలు కావాలి. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలంటావు. ఈమె నా కొట్టం గురించి భయపడింది. తప్పుగానే భయపడింది, కానీ భయపడింది. చక్రం దగ్గర ఈమె ఉంటానంటే నేనూ చెయ్యి వేస్తాను."

ఉంటానన్నాను. ముగ్గురం పట్టాం. ఆయన ఒక బూతు మాట అన్నాడు, ఇంజనీరు గారు "వెంకటేశ్వరా" అన్నారు, కింద ఏదో పుటుక్కుమని విరిగింది, చక్రం తిరిగింది. వాగు నీళ్ళు బుసకొట్టుకుంటూ ఏట్లోకి దూకాయి. ఆ దూకే నీళ్ళకి ఎదురు, చీకటి తూములోకి, ఒక్కొక్క చేపా దూరిపోయింది. మేం పొలం వైపుకి పరిగెత్తి చూశాం. వాగులో నీళ్ళు చీలుస్తూ ఒక వీపు పైకి పోయింది. ఇంకొకటి. ఇంజనీరు గారు అవతలికి తిరిగి ముక్కు చీదుకున్నారు.

మిగతా మూడు గంటలూ ఎలా గడిచాయో ఆ ఏటికే తెలియాలి. చక్రం మీద చెయ్యి తియ్యలేదు నేను. గీతకి బెత్తెడు. నాలుగు వేళ్ళు. రెండు వేళ్ళు. డైరీ ఆయన గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. నా చెయ్యి దానంతటదే తిప్పబోతుంటే ఇంజనీరు గారు పక్కన నిలబడి, నన్ను ముట్టుకోకుండా, నెమ్మదిగా అన్నారు: "ఆగమని నేను ఆర్డర్ వెయ్యట్లేదు. నీ చెయ్యి, నీ కళ్ళు. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడే." చక్రం తిప్పకుండా గీత మీదే కళ్ళు పెట్టాను. రెండు వేళ్ళ దగ్గర ఏరు నిలబడిపోయింది. అలాగే నిలబడింది. ఒంటిగంట దాటాక కర్ర మీద నీళ్ళకి పైన సన్నటి తడి చార కనిపించింది. ఏరు తీస్తోంది. ఎవరం గంతులెయ్యలేదు. డైరీ ఆయన నా భుజం తట్టి దూడల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్తూ నా కార్లో ఇంజనీరు గారు, "మీ నాన్నగారి నంబరు ఇవ్వు," అన్నారు. మర్నాడు ఫోన్ చేశారట. ఏం మాట్లాడారో ఆయన చెప్పలేదు, అమ్మ చెప్పింది. "ఎవరో అమెరికా ఇంజనీరు గారంట, ఫోన్ చేశారే. ఆ రోజు తప్పు మీది కాదండీ, ఆర్డరు ఇవ్వాల్సింది మేం, ఇవ్వలేదు, క్షమించండి అన్నారంట. మీ నాన్న మాట్లాడినంతసేపూ లేచి నిలబడే ఉన్నాడు. 'ఆయ్, ఆయ్' తప్ప నోట మాట రాలేదు. పెట్టేసి, తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్నాడు." ఇంజనీరు గారు డిపార్ట్‌మెంట్ వదిలిపెట్టిన ఎన్నో ఏళ్ళకి వచ్చిన వరద అది. అయినా ఆ తప్పు తనదే అనుకున్నారు. నేను థాంక్స్ చెప్పబోతే, "గేజ్ చూశావా ఇవాళ?" అని కసిరారు.

ఆ డిసెంబరులో వాగు గులకరాళ్ళలో చేపలు గుడ్ల కోసం తోకలతో తవ్విన గుంటలు కనిపించాయి. డైరీ ఆయన సంతకం పెట్టాడు. కొట్టం పక్కన కొత్త గట్టు లేచాక, పాత గట్టుని తెంచారు. మా వైపు గండి అన్న మాట పైకి అంటే పెద్దవాళ్ళు, శుభమా అంటూ ఏం మాటలవి అని కసురుతారు. ఆయన ఆ రోజు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. మిషను మొదటి గంప మట్టి ఎత్తుతుంటే, "నేను వేసినవాటిలో నాకు నచ్చిన గట్టు ఇదే లస్కరూ," అన్నారు. తూమునీ, చక్రాన్నీ లారీలో వేసుకుపోయారు. పల్లంలోకి నీళ్ళు వచ్చాయి, వాటి వెనక చేప పిల్లలొచ్చాయి. నేను రోజూ వంతెన దగ్గర గేజ్ చూసి ఆయనకి ఫోన్ చేస్తూనే వచ్చాను, ఆ ఒక్క రోజు తప్ప.

శనివారం అంత్యక్రియలు. పదింటికల్లా రమ్మన్నారు. శుక్రవారమంతా వాన. పాత గట్టు ఉన్న చోటు దాటి రోడ్డు పల్లం మధ్యలోంచి పోతుంది. ఏరు పెద్దదైతే దాని మీద బెత్తెడు నీళ్ళు పారతాయి, మెల్లగా పోతే పోవచ్చు. నేను తొమ్మిదిన్నరకి అక్కడికొచ్చేసరికి ముందు డైరీ ఆయన ట్రక్కు అడ్డంగా ఆగి ఉంది. ఆయన నల్ల కోటు వేసుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. ఆయన వెళ్ళేదీ అక్కడికే. ట్రక్కు చెడిపోయిందేమోనని దిగి పరిగెత్తాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

రోడ్డు మీదుగా చేపలు దాటుతున్నాయి.

ఆ బెత్తెడు నీళ్ళల్లో వీపులు మునగవు. పక్కకి ఒరిగి, తారు మీద పొట్టలు రాసుకుంటూ, తోకలతో టపటపా కొట్టుకుంటూ, ఈ గుంట లోంచి ఆ గుంటలోకి, వాగు వైపుకి పోతున్నాయి. ఒకటి వెళ్తే ఇంకోటి వస్తోంది. టైము పదవుతోంది. ఆఖరి చూపు కూడా దక్కదేమో. ఫోన్ మోగింది, ఆంటీ.

"ఎక్కడున్నావమ్మా? అందరూ వచ్చేశారు. పంతులుగారు తొందరపెడుతున్నారు."

"రోడ్డు మీద చేపలు దాటుతున్నాయాంటీ," అన్నాను.

వెనక ఎవరో మంత్రాలు చదువుతున్నారు. "దాటనియ్యమ్మా," అన్నారు ఆవిడ. "ఇక్కడ నేను ఆపుతాను."

డైరీ ఆయన ట్రక్కు ఇంజను కట్టేశాడు. నేను కూడా నా కారుది కట్టేసి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. వానలో ఇద్దరం అలా నిలబడే ఉన్నాం. ఒక పెద్ద చేప, ఒళ్ళంతా గాయాలు, రోడ్డు నడిమి పసుపు గీత మీద ఆగిపోయి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఏటి వైపు నుంచి ఒక చిన్న అల వచ్చి దాని కిందకి జారింది. తోక ఒక్కసారి కొట్టింది, అవతలి గడ్డిలోకి వెళ్ళిపోయింది.